దమ్ము సంగతి, బి.పి. సంగతి ఒకేచోట చెప్పండి

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే పెద్దరోడ్డు మీద నకిరేకల్ దాటి సూర్యాపేట వైపు వెళ్తుంటే మధ్యలో వచ్చే మండల కేంద్రం కేతేపల్లి. మూసీ ప్రాజెక్టు కాలువ నీరు అందినచోట వరి, అందని చెల్కల్లో పత్తి. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాలలో ఏ పల్లెకు వెళ్లినా ఇంచుమించు ఇలాంటి బ్రతుకే. ఈ పల్లెలలో రెండు జబ్బుల పేర్లు వినని ఇల్లు ఉండదు. ఒకటి దమ్ము, అంటే ఉబ్బసం. రెండవది బి.పి., అంటే అధిక రక్తపోటు.

ఈ రెండింటికీ సంబంధం లేదని మనలో చాలామంది అనుకుంటాం. దమ్ము ఊపిరితిత్తులది, బి.పి. గుండెదీ రక్తనాళాలదీ అనుకొని, దమ్ముకు ఒక డాక్టరు దగ్గరికి, బి.పి.కి మరొక డాక్టరు దగ్గరికి పోతాం. ఒకరు రాసిన చీటీ మరొకరికి చూపించం. చలికాలం రాత్రి ఆయాసం ఎక్కువైతే ఊళ్లోని ఆర్.ఎం.పి. డాక్టరు సూది వేస్తాడు. ఆయనకు మన బి.పి. గోలీ పేరు తెలియదు. ఇలా మూడుచోట్ల మూడు సగం మాటలు చెప్పి, మూడు రకాల మందులు తెచ్చుకొని, అన్నీ ఒకే కడుపులో వేసుకుంటున్నాం.

ఈ రెండు జబ్బులూ అనుకున్నదానికంటే ఎక్కువసార్లు ఒకే మనిషిలో కలిసి కనిపిస్తున్నాయని వైద్యులు గమనించారు. స్త్రీలలో కలిసే తీరు వేరు, పురుషులలో కలిసే తీరు వేరు అని కూడా గమనించారు. ఈ తేడా తెలియకపోతే ఇంట్లో ఆడవారికి ఒక విధంగానూ, మగవారికి మరొక విధంగానూ నష్టం జరుగుతుంది. అందుకే ఈ నెల ఈ విషయం వివరంగా రాస్తున్నాము.

ఎవరికి ఎప్పుడు వస్తాయి?

2019 - 21 సంవత్సరాలలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 ఏళ్లు పైబడినవారిలో రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు, లేదా దానికి మందు వాడుతున్నవారు దేశం మొత్తం మీద స్త్రీలలో నూటికి 21, పురుషులలో నూటికి 24 అని తేలింది. తెలంగాణలో ఈ లెక్క ఇద్దరిలోనూ దేశపు సగటు కంటే ఎక్కువే. ఉబ్బసం విషయానికి వస్తే, మన దేశంలో పలు కేంద్రాలలో జరిగి 2012లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన పెద్దవారిలో నూటికి ఇద్దరికి ఉబ్బసం ఉన్నదని చెప్పింది. నూటికి ఇద్దరంటే తక్కువగా అనిపించవచ్చు. కాని వెయ్యిమంది పెద్దలున్న ఊళ్లో 20 మంది అన్నమాట.

ఈ రెండు జబ్బులూ ఆడ, మగ అనే తేడా చూస్తాయి. పసితనంలో ఉబ్బసం మగపిల్లలకు ఎక్కువ. చిన్న వయసులో మగపిల్లల శ్వాసనాళాలు వారి ఊపిరితిత్తుల పరిమాణానికి తగినంత వెడల్పుగా ఉండకపోవడం ఇందుకు ఒక కారణం. యుక్తవయసు వచ్చేసరికి చాలామంది మగపిల్లలకు ఆయాసం తగ్గుముఖం పడుతుంది. సరిగ్గా అదే సమయంలో ఆడపిల్లలకు మొదలవుతుంది, లేదా ఎక్కువవుతుంది. అక్కడి నుంచి పెద్ద వయసు వరకు ఉబ్బసం స్త్రీలలోనే ఎక్కువ, తీవ్రత కూడా వారిలోనే ఎక్కువ. కొంతమందికి నెలసరికి ముందు రోజులలో ఆయాసం పెరుగుతుంది. నెలసరి ఆగిపోయే వయసులో కొత్తగా ఉబ్బసం మొదలయ్యేవారూ ఉన్నారు.

రక్తపోటు నడక వేరుగా ఉంటుంది. నడివయసు వరకు అది మగవారికే ఎక్కువ. స్త్రీలకు నెలసరి ఉన్నంతకాలం వారి శరీరంలో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోను రక్తనాళాలను మెత్తగా, సాగేలా ఉంచడానికి కొంత తోడ్పడుతుంది. నెలసరి ఆగాక ఆ రక్షణ తగ్గిపోతుంది. స్త్రీలలో బి.పి. వేగంగా పెరిగి, 60 ఏళ్లు దాటాక మగవారిని మించిపోతుంది.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. 45 నుంచి 55 ఏళ్ల మధ్య ఉన్న స్త్రీలో ఉబ్బసం పెరిగే కాలం, రక్తపోటు పెరిగే కాలం ఒకేసారి వచ్చిపడతాయి. కోడళ్లు వచ్చి, మనుమలు పుట్టి, తన ఒంటి సంగతి తాను పట్టించుకోని వయసది. "నాకు దమ్మొక్కటే బాధ, బీపీ గీపీ ఏం లేదు" అనేది కూడా ఆ వయసువారే. బి.పి. లేదని వారికెలా తెలుసు? చాలామంది ఒక్కసారి కూడా చూపించుకొని ఉండరు.

పరిశీలనలు ఏమి చెబుతున్నాయి?

2007లో కెనడా దేశపు ప్రజల ఆరోగ్య సర్వేను పరిశీలించినవారు, ఉబ్బసం లేనివారికంటే ఉన్నవారిలో అధిక రక్తపోటు, గుండె జబ్బు ఎక్కువగా ఉన్నాయని గుర్తించారు. దానికి ముందే 2004లో అమెరికాలోని కాలిఫోర్నియాలో లక్షా యాభై వేలమందిని ఏళ్ల తరబడి గమనించిన పరిశీలన వెలువడింది. ఉబ్బసం ఉన్న స్త్రీలకు గుండె జబ్బు ముప్పు కొంత ఎక్కువగా ఉన్నదని, పురుషులలో ఆ తేడా కనిపించలేదని అందులో తేలింది. 2008లో అమెరికాలోనే మరొక పరిశీలన, చిన్ననాటి ఉబ్బసంకాక, పెద్దయ్యాక మొదలైన ఉబ్బసం ఉన్న స్త్రీలలో గుండె జబ్బు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని చెప్పింది. ఇందులోనూ మగవారిలో అలాంటి సంబంధం కనిపించలేదు. గుండె జబ్బుకూ పక్షవాతానికీ బి.పి. ముఖ్యమైన దారి గనుక, ఉబ్బసం ఉన్న స్త్రీ బి.పి.ని ప్రత్యేకంగా కనిపెట్టి ఉండాలని వీటి నుంచి మనం నేర్చుకోవచ్చు.

అలాగని దమ్ము ఉన్న ప్రతి స్త్రీకీ బి.పి. వస్తుందని కాదు, దమ్మే బి.పి.ని పుట్టిస్తుందనీ కాదు. రెండూ కలిసి నడుస్తున్నాయి గనుక ఒకటి ఉన్నవారు రెండవది ఉన్నదో లేదో చూపించుకోవాలి. ఈ పరిశీలనల అర్థం అంతవరకే. భయపడవలసిన పని లేదు.

ఒకే మనిషిలో ఎందుకు కలుస్తాయి?

కారణాలు ఒకటి కాదు. ఉబ్బసంలో శ్వాసనాళాలు లోపల ఎప్పుడూ కొంత వాచి ఉంటాయి. ఆ వాపు ప్రభావం రక్తం ద్వారా మిగతా శరీరానికి కూడా చేరుతుందని వైద్యుల అభిప్రాయం. రాత్రిళ్లు ఆయాసంతో నిద్ర లేకపోతే రక్తపోటు పెరుగుతుంది. ఆయాసానికి భయపడి నడక, పని తగ్గించుకుంటే ఒళ్లు పెరుగుతుంది. పెరిగిన ఒళ్లు రెండు జబ్బులనూ పెంచుతుంది. ఇక దమ్ముకు వాడే కొన్ని మందులే బి.పి.ని పెంచుతాయి. ఆ సంగతి తరువాత చూద్దాం.

వీటికి తోడు మన ఇల్లు, మన పని కూడా ఆడ మగ తేడాను తెచ్చిపెడుతున్నాయి. పత్తి కట్టె, కంది కట్టె, పిడకలు పెట్టి వండే ఇంట్లో పొగ ముందు కూర్చునేది స్త్రీ. పురుషుడు వాకిట్లో మంచం మీద ఉంటాడు. ఆ పొగ ఊపిరితిత్తులకే కాదు, రక్తనాళాలకూ చెరుపు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పథకం వచ్చాక గ్యాసు పొయ్యి చాలా ఇళ్లలోకి వచ్చింది. అయినా గ్యాసు ధర చూసి టీ, కూర గ్యాసు మీద, అన్నం, నీళ్లు కట్టెల పొయ్యి మీద కాచుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పత్తి ఏరే పని ఎక్కువగా ఆడవారిదే. చలికాలం పొద్దున పత్తి దుమ్ము, మంచు రెండూ వారి ఛాతీలోకే పోతాయి.

మగవారి దారి వేరు. బీడీ, చుట్ట, సారా అలవాట్లు వారిలో ఎక్కువ. పొగాకు శ్వాసనాళాలను పాడు చేస్తుంది, రక్తనాళాలనూ బిగిస్తుంది. మద్యం బి.పి.ని పెంచుతుంది. చేలో పురుగుమందు కొట్టేది కూడా చాలావరకు మగవారే. కొన్ని పురుగుమందులు పీల్చినప్పుడు శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి. ఉప్పు మాత్రం ఇద్దరికీ సమానమే. పెద్దవారికి రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీ చెంచా ఉప్పు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తొక్కు, అప్పడం, చల్ల మిరపకాయలతో రెండు పూటలు తింటే అది సులభంగా దాటిపోతుంది.

ఒకదాని మందు మరొకదానికి చెరుపు

ఇక్కడ పాఠకులు కొంచెం నిదానంగా చదవాలని కోరుతున్నాము. మీ ఇంట్లోని మందుల డబ్బా పక్కన పెట్టుకొని చదివితే ఇంకా మంచిది.

మొదటిది, పేరు చివర 'లాల్' అని వచ్చే బి.పి. మందులు: ప్రొప్రనలాల్, అటెనలాల్, మెటోప్రొలాల్ వంటివి. వీటిలో ప్రొప్రనలాల్‌ను 1960లలో కనిపెట్టిన స్కాట్లండు శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి లభించింది. ఎన్నో ప్రాణాలను కాపాడిన మందు అది. కాని ఉబ్బసం ఉన్నవారిలో అదే మందు శ్వాసనాళాలను బిగించి ప్రాణం మీదికి తేవచ్చు. ప్రొప్రనలాల్‌ను బి.పి.కి మాత్రమే ఇవ్వరు. ఒంటితలనొప్పికి, థైరాయిడ్ ఎక్కువైనప్పుడు వచ్చే గుండెదడకు, చేతుల వణుకుకు కూడా ఇస్తారు. ఒంటితలనొప్పి, థైరాయిడ్ జబ్బు రెండూ స్త్రీలలోనే ఎక్కువ. బి.పి. లేని స్త్రీ కూడా తలనొప్పి గోలీ అనుకొని దీనిని మింగి దమ్ము తెచ్చుకునే అవకాశం ఉన్నది. కంటిలో నీటికాసులకు వేసే టిమోలాల్ చుక్కలు కూడా ఈ జాతివే. కంట్లో వేసిన చుక్క ఛాతీకి ఏమి చేస్తుందిలే అనుకోకూడదు. అయితే ఈ మందులు ఇప్పటికే వాడుతున్నవారు తమంతట తాము ఒక్కసారిగా ఆపితే గుండెకు ప్రమాదం. గుండెపోటు వచ్చినవారికి డాక్టర్లు తెలిసే, జాగ్రత్తగా వీటిలో కొన్నింటిని ఇస్తారు. కాబట్టి ఆపకండి, అడగండి.

రెండవది, పేరు చివర 'ప్రిల్' అని వచ్చేవి: ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్. ఇవి దమ్మును తీసుకురావు. కాని కొందరికి పొడిదగ్గు తెస్తాయి. ఆ దగ్గు మగవారికంటే ఆడవారిలో ఎక్కువ. ఇక జరిగేది ఊహించండి. ఉబ్బసం ఉన్న స్త్రీకి బి.పి. గోలీ మొదలుపెట్టారు. కొన్ని వారాలకు దగ్గు మొదలైంది. ఇంట్లోవారు దమ్ము తిరగబెట్టిందన్నారు. దమ్ముకు మందు పెంచారు, దగ్గు తగ్గలేదు. ఇంకా పెంచారు. తప్పు బి.పి. గోలీదని ఎవరికీ తోచలేదు. ఆ గోలీ మారిస్తే చాలావరకు నెల రోజులలోపే ఆ దగ్గు పోతుంది. ప్రభుత్వ ఆసుపత్రులలో ఎక్కువగా ఇచ్చే ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ గోలీలతో సాధారణంగా ఈ దగ్గు బాధ ఉండదు. ఆమ్లోడిపిన్ వాడేవారిలో కొందరికి కాళ్లు వాస్తాయి. అదీ ఆడవారిలోనే ఎక్కువ. అది కూడా డాక్టరుకు చెప్పవలసిన మాటే.

మూడవది, స్టెరాయిడ్ గోలీలు, సూదులు: డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్. ప్రాణం మీదికి వచ్చిన దమ్ములో కొద్దిరోజులు ఇవి తప్పవు. అప్పుడు అవి మేలే చేస్తాయి. కాని నెలల తరబడి వాడితే బి.పి. పెరుగుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారుతాయి. నెలసరి ఆగిన స్త్రీకి ఎముకలు అసలే బలహీనం గనుక ఆమెకు నష్టం రెట్టింపు. వీటిని వాడితే మొహం గుండ్రంగా నిండుతుంది. చూసినవారు "ఒళ్లు చేసినవ్, మంచిగున్నవ్" అంటారు. అది ఆరోగ్యం కాదు, మందు చేసిన వాపు. వీటినీ చాలాకాలంగా వాడుతున్నవారు ఒక్కసారిగా మానకూడదు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

ఇక్కడే పీల్చే మందు, అంటే ఇన్‌హేలర్ గురించి చెప్పాలి. "పీల్చే మందు చాలా బలమైనది, ఒకసారి మరిగితే వదలదు" అని మన ఊళ్లలో ఒక అపోహ ఉన్నది. లెక్క చూడండి. సాల్బుటమాల్ గోలీ 4 మిల్లీగ్రాములు. ఇన్‌హేలర్‌లో ఒక్కసారి పీల్చేది ఒక మిల్లీగ్రాములో పదవ వంతు. అంటే ఒక గోలీలోని మందు 40 సార్లు పీల్చినదానికి సమానం. స్టెరాయిడ్ కూడా అంతే. ఐదు మిల్లీగ్రాముల గోలీ బరువుతో తూచితే, 200 మైక్రోగ్రాముల మందు 25 సార్లు పీల్చవచ్చు. గోలీ కడుపులోకి, రక్తంలోకి పోయి ఒళ్లంతా తిరిగి చివరికి ఛాతీకి చేరుతుంది. పీల్చే మందు నేరుగా వాపు ఉన్నచోటికే పోతుంది. గుండెదడ, వణుకు, బి.పి. పెరగడం చాలా తక్కువ. బి.పి. ఉన్న ఉబ్బసపు రోగికి ఇన్‌హేలర్ విలాసం కాదు, రక్షణ. 2019 నుంచి ప్రపంచ వైద్య మార్గదర్శకాలు కూడా ఆయాసం వచ్చినప్పుడు సాల్బుటమాల్ ఒక్కటే పీల్చి ఊరుకోవడం చాలదనీ, వాపును తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ దానితో ఉండాలనీ చెబుతున్నాయి. పీల్చిన తరువాత నీళ్లతో నోరు పుక్కిలించి ఉమ్మివేయాలి.

నాలుగవది, ఒళ్లునొప్పుల గోలీలు. నాట్లు వేసి, కలుపు తీసి వచ్చిన రోజున డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ గోలీలు కిరాణా కొట్లో కొని మింగడం చాలామందికి అలవాటు. ఇవి బి.పి.ని పెంచుతాయి. ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి ఆయాసాన్ని కూడా తెస్తాయి. రెండు జబ్బులకూ చెరుపు చేసే గోలీ ఇదే.

గర్భిణి విషయంలో రెట్టింపు జాగ్రత్త

ఈ వ్యాసంలో అన్నింటికంటే ముఖ్యమైన భాగం ఇది. ఇంట్లో కోడలో, కూతురో గర్భవతిగా ఉంటే అత్తలు, తల్లులు దీనిని తప్పక చదవాలి.

ఉబ్బసం ఉన్న స్త్రీ గర్భవతి అయినప్పుడు, సుమారుగా చెప్పాలంటే, మూడోవంతు మందికి ఆయాసం తగ్గుతుంది, మూడోవంతు మందికి పెరుగుతుంది, మిగిలినవారికి ఎప్పటిలాగే ఉంటుంది. ఎవరు ఏ వంతులో పడతారో ముందుగా తెలియదు. ఉబ్బసం ఉన్న గర్భిణులలో, ముఖ్యంగా దానిని అదుపులో పెట్టుకోనివారిలో, ఐదో నెల తరువాత బి.పి. పెరిగి మూత్రంలో ఆల్బుమిన్ పోయే జబ్బు కొంత ఎక్కువగా కనిపిస్తుంది. అది ముదిరితే ఫిట్స్ వస్తాయి. మన పెద్దలు దానినే గుర్రపువాతం అన్నారు. తల్లికీ, బిడ్డకూ ప్రాణాపాయం.

"కడుపుతో ఉన్నవు, మందులు మాను" అని పెద్దవారు ప్రేమతోనే అంటారు. కాని పీల్చే మందులు గర్భిణికి వాడదగినవే. వాటిని ఆపితే తల్లికి గాలి చాలదు. తల్లికి గాలి చాలకపోతే కడుపులోని బిడ్డకూ చాలదు. ఆపవలసిన మందు మరొకటి ఉన్నది. ముందునుంచీ బి.పి.కి టెల్మిసార్టాన్, లేదా ఎనలాప్రిల్ జాతి గోలీలు వాడుతున్న స్త్రీ గర్భం తెలిసిన వెంటనే డాక్టరు దగ్గరికి పోయి మార్పించుకోవాలి. అవి బిడ్డకు హాని చేస్తాయి. గర్భిణుల బి.పి.కి తరచుగా ఇచ్చే లేబెటలాల్ కూడా 'లాల్' జాతిదే గనుక ఉబ్బసం ఉన్నవారికి సరిపడదు. నిఫెడిపిన్, మిథైల్‌డోపా వంటి వేరే మందులు ఉన్నాయి. డాక్టరుకు దమ్ము సంగతి తెలిస్తేనే కదా అవి రాసేది!

కాన్పు గదిలో ఈ మాట ఇంకా ముఖ్యం. బిడ్డ పుట్టాక రక్తస్రావం ఆగకపోతే గర్భసంచిని బిగించడానికి సూదులు వేస్తారు. వాటిలో మిథైల్ ఎర్గోమెట్రిన్ అనే సూది బి.పి. ఉన్నవారికి వేయరాదు, బి.పి. ఒక్కసారిగా పైకి లేస్తుంది. కార్బోప్రోస్ట్ అనే మరొక సూది ఉబ్బసం ఉన్నవారికి వేయరాదు, శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి. రెండు జబ్బులూ ఉన్న తల్లికి ఈ రెండూ పనికిరావు. ఆక్సిటోసిన్ వంటి వేరే మందులున్నాయి, కాని ఆ నిమిషంలో డాక్టరుకు విషయం తెలిసి ఉండాలి. రక్తం పోతున్నప్పుడు పాత చీటీలు వెతికే తీరిక ఎవరికీ ఉండదు. అందుకని గర్భిణికిచ్చే తల్లి - బిడ్డ కార్డు మీద మొదటి పేజీలోనే "ఉబ్బసం ఉన్నది", "బి.పి. ఉన్నది" అని పెద్ద అక్షరాలతో రాయించండి. కాన్పుకు పోయే రోజు వెంట వెళ్లే ఆడమనిషి ఈ రెండు మాటలు నోటితో కూడా చెప్పాలి.

గర్భిణికి విడవని తలనొప్పి, కళ్లు మసకలు, మొహం చేతులు వాయడం, పొట్ట పైభాగంలో నొప్పి, వీటిలో ఏది వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి. 108కు ఫోను చేసి ఆసుపత్రికి తీసుకుపోండి.

మగవారికి ఒక మాట

మగవారి నష్టం వేరొక చోట ఉన్నది. స్త్రీలు కాన్పులకో, పిల్లల టీకాలకో ఆసుపత్రి గడప తొక్కుతారు. అప్పుడైనా ఎవరో ఒకరు బి.పి. చూస్తారు. మగవారు పడిపోయేదాకా పోరు. ఊళ్లో ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎమ్. వచ్చి 30 ఏళ్లు దాటినవారి బి.పి. చూసే వేళకు మగవారు పొలంలోనో, కూలిపనిలోనో ఉంటారు.

రెండవ సంగతి ఇంకా గంభీరమైనది. 50 దాటిన మగవారికి కొత్తగా వచ్చే ఆయాసమంతా ఉబ్బసం కాదు. ఏళ్ల తరబడి బీడీ తాగినవారిది వేరే ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు. ఏళ్ల తరబడి బి.పి. ముదిరి గుండె అలసిపోయినందువల్ల కూడా రాత్రి పడుకున్నాక ఆయాసంతో లేచి కూర్చునే స్థితి వస్తుంది. పిల్లికూతలు కూడా వినిపించవచ్చు. దానిని దమ్ము అనుకొని దమ్ము మందే వేసుకుంటూ ఉంటే గుండె ఇంకా దెబ్బతింటుంది. పడుకుంటే ఎక్కువై, లేచి కూర్చుంటే తగ్గే ఆయాసం, దానితోపాటు కాళ్ల వాపు ఉంటే గుండె పరీక్ష తప్పనిసరి. ఇది స్త్రీలకూ వర్తిస్తుంది.

దాచుకోవడం వల్ల

ఇన్‌హేలర్ విషయంలో మన ఇళ్లలో మరొక బాధ ఉన్నది. పెళ్లి కావలసిన ఆడపిల్లకు దమ్ము ఉంటే దాచిపెడతారు. పెళ్లయ్యాక ఆ పిల్ల అత్తగారింట్లో ఇన్‌హేలర్ బయటికి తీయడానికి జంకుతుంది. గోలీలతో సరిపెట్టుకుంటుంది, లేదా పూర్తిగా మానేస్తుంది. మొదటి గర్భం వచ్చేది కూడా ఆ రోజులలోనే. పైన రాసిన ప్రమాదాలన్నీ ఈ దాపరికం వల్ల ఎన్నో రెట్లు పెరుగుతాయి. మగపిల్లవాడి దమ్మును ఎవరూ ఇంతగా దాచరు. ఉబ్బసం అంటుజబ్బు కాదు. అదుపులో పెట్టుకుంటే కాపురానికి, పిల్లలకు, పనికి ఏ అడ్డూ లేదు. కోడలి చేతిలో ఇన్‌హేలర్ చూసినప్పుడు "జాగ్రత్తగా వాడుకో బిడ్డా" అనే అత్త ఆ ఇంటికి రెండు ప్రాణాలను కాపాడినట్టు.

ప్రతి యేటా మృగశిర కార్తెకు హైదరాబాదు నాంపల్లిలో బత్తిని కుటుంబంవారు ఇచ్చే చేప మందు కొరకు మన జిల్లాల నుంచి కూడా ఎంతోమంది పోతుంటారు. పోవాలో వద్దో ఎవరికి వారు నిర్ణయించుకునే సంగతి. కాని దానిని నమ్ముకొని ఇన్‌హేలర్‌ను, బి.పి. గోలీని మానడం మాత్రం ప్రాణాలతో చెలగాటమే.

ఇంట్లో చేయవలసినవి

1. దమ్ము ఉన్నవారు ఆడవారైనా మగవారైనా ఆరు నెలలకు ఒకసారైనా బి.పి. చూపించుకోవాలి. 45 దాటిన స్త్రీలు, స్టెరాయిడ్ గోలీలు వాడేవారు, గర్భిణులు ఇంకా తరచుగా చూపించుకోవాలి.

2. బి.పి. చూసే ముందు ఐదు నిమిషాలు నెమ్మదిగా కూర్చోవాలి. టీ, బీడీ తాగిన అరగంటలోపు చూపించుకోకూడదు. ఆయాసం ఎక్కువగా ఉన్నప్పుడు బి.పి. పెరిగి కనిపించవచ్చు, తగ్గాక మరోసారి చూపించుకోవాలి. వేరువేరు రోజులలో చూసినా 140/90, లేదా అంతకు మించి ఉంటే అది అధిక రక్తపోటే.

3. తెలంగాణలో 2017 చివర మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తరువాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో బి.పి. చూడటం, గోలీలు ఇవ్వడం ఒక పద్ధతిలోకి వచ్చింది. గోలీలు ఉచితం. బి.పి. తగ్గిందని గోలీ మానకండి. గోలీ వేసుకోవడం వల్లనే అది తగ్గింది.

4. వాడుతున్న మందులన్నిటి పేర్లు, కంటి చుక్కలు, నొప్పి గోలీలు సహా, ఒకే కాగితం మీద రాయించి మందుల డబ్బాలో పెట్టండి. ఏ డాక్టరు దగ్గరికి పోయినా, ఊళ్లో సూది వేయించుకున్నా ఆ కాగితం చూపించండి.

5. కొత్త గోలీ మొదలుపెట్టాక దగ్గు, ఆయాసం, కాళ్ల వాపు వస్తే గోలీ పేరుతో సహా చెప్పండి.

6. వంటింటికి పొగ పోయే దారి చేయండి. బీడీ, చుట్ట ఇంట్లోకి రానీయకండి. పత్తి ఏరేటప్పుడు, వడ్లు తూర్పార పట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. తొక్కు, అప్పడం తగ్గించండి.

చదవడం రాని పెద్దవారు మన సంఘాలలో ఎందరో ఉన్నారు. ఈ వ్యాసాన్ని స్త్రీల కూడికలోనో, ఇంటివద్ద భోజనాల తరువాతనో వారికి చదివి వినిపించమని కోరుతున్నాము. ఇంత పెద్ద వ్యాసం గుర్తుండకపోయినా ఫరవాలేదు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఈ ఒక్క మాట నోటికి వస్తే చాలు: "సారూ, నాకు దమ్మున్నది, బీపీ గూడ ఉన్నది. రెండిటికీ పడే మందు రాయుండ్రి."